పెద్దబావ చెవి

మా పెద్దబావ పనీ, గుణమూ ఒకటే: వంకలు పెట్టడం. పాత కార్లు కొని అమ్మే ఒక యార్డులో ఆయన తనిఖీ చేసే మనిషి. అమ్మకానికి వచ్చిన ప్రతి బండినీ ముందు ఆయన చూడాలి, వినాలి, వాసన పీల్చాలి. ఆయన తలూపితేనే యజమాని బేరానికి కూర్చుంటాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వంకలు వెతికినందుకు జీతం తీసుకునేవాడు. సాయంత్రం నుంచి జీతం లేకుండా మాలో వెతికేవాడు.

మాలో అంటే మా ఇంటివాళ్ళలో. నాకు ఇద్దరు అక్కలు. పెద్దక్క మొగుడు ఈయన, చిన్నక్క మొగుడు ఫొటోగ్రాఫరు. నేను ఆఖరివాణ్ణి. కింద నా జిరాక్సు షాపు, పైన రెండు గదుల్లో నేనూ అమ్మా. ఆదివారం మధ్యాహ్నం అక్కలిద్దరూ మొగుళ్ళతో సహా మెట్లెక్కి వస్తారు. వాళ్ళు వచ్చిన కాసేపటికే గదిలో గాలి వేడెక్కుతుంది, ఫ్యాను ఎంత తిరిగినా లాభం లేదు.

ఎవరైనా ఇల్లు కట్టుకున్నారంటే పెద్దబావకు ఆ ఇంటి గోడలు వంకరగా కనిపిస్తాయి. ఎవరి పిల్లకైనా మార్కులొస్తే ఆ ఏడాది ప్రశ్నలు తేలిక. ఎవరికైనా ఈ వయసులో జుట్టు ఒత్తుగా ఉంటే అది విగ్గు. ఒకసారి ఒకాయనది విగ్గు కాదని బస్సులో వెనక సీటులోంచి లాగి మరీ తెలుసుకున్నాడు, అయినా మాట వెనక్కి తీసుకోలేదు. అసూయ నాకూ ఉంది. వీధి చివర రంగుల జిరాక్సు పెట్టినవాడి షాపు ముందు జనాన్ని చూస్తే నాకు ముద్ద దిగదు. కానీ నేను దాన్ని లోపల పెట్టుకుని వాడితో నవ్వుతూ మాట్లాడతాను. పెద్దబావకు ఆ నటన రాదు. ఆయన దాన్ని బయటికి తీసి అందరి ముందూ దండెం మీద ఆరేస్తాడు.

అందరి మీదా ఉన్న అసూయ ఒక ఎత్తు, తోడల్లుడి మీద ఉన్నది ఒక ఎత్తు. చిన్నబావ చేసిన నేరమల్లా మంచివాడు కావడం. అమ్మకు మోకాలు నొప్పెడితే ముందు ఫోను చిన్నల్లుడికే వెళుతుంది. బల్బు మాడిపోయినా చిన్నల్లుడే, ఊరికే తోచకపోయినా చిన్నల్లుడే. మా గోడ మీద అందరం కలిసి దిగిన పెద్ద ఫొటో ఒకటుంది, చిన్నబావ తీసిందే. అందులో పెద్దబావను సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టి, తను కెమెరాకి బటన్ నొక్కి పరిగెత్తుకొచ్చి ఒక పక్కకి నిలబడ్డాడు. ఆ ఫొటో చూసినప్పుడల్లా పెద్దబావ ఉడికిపోతాడు.

“నన్నెందుకు మధ్యలో పెట్టాడో తెలుసా? తను పక్కన నిలబడి ఎంత అణకువ గలవాడో అనిపించుకోడానికి.”

“అదే మిమ్మల్ని పక్కకి పెడితే?” అంది పెద్దక్క.

“అప్పుడు పక్కకి నెట్టేశాడని అనేవాణ్ణి. వాడు ఎలా చేసినా తప్పే.”

ఇంత నిజాయితీగా ఏడ్చేవాణ్ణి నేనింకెక్కడా చూడలేదు. ఇలాంటి మనిషిని యార్డులో ఎందుకు నెత్తిన పెట్టుకున్నారంటే, బండి దగ్గర ఆయన మాట ఎన్నడూ తప్పు పోలేదు. తనకు గిట్టనివాడు తెచ్చిన బండి బాగుంటే, పన్ను పీకించుకున్నవాడిలా ముఖం పెట్టి అయినా సరే “బాగుంది” అనేవాడు. ఆయనకున్న ఆస్తి ఆ చెవి ఒక్కటే. ఇల్లు అద్దెది, చదువు సగంలో ఆగిపోయింది, అత్తగారింట్లో మర్యాద చిన్నల్లుడు ఎత్తుకుపోయాడు. ఆ చెవి మీదే ఆయన తలెత్తుకు తిరిగేవాడు.

చిన్నబావకు కొండమీది బడులన్నిటికీ ఫొటోలు తీసే పని వచ్చింది. క్లాసు ఫొటోలు, గుర్తింపు కార్డులు, ఆటల పోటీలు అన్నీ ఆయనవే. లైట్లు, స్టాండ్లు, వెనక కట్టే తెర చుట్టలు, పిల్లల్ని నిలబెట్టే మెట్ల బల్లలు, వాటితో పాటు పిల్లల్ని వరసల్లో నిలబెట్టే చిన్నక్క. ఉన్న చిన్న కారు కడుపు ఆ రాళ్ళదారిలో అడుగడుక్కీ గీరుకుంటోంది. ఎత్తుగా ఉండే బండి కావాలి. కొత్తది తమ వల్ల కాదు కనుక, పదేళ్ళు దాటిన చిన్న ఎస్‌యూవీ ఒకటి చూసుకున్నారు. తెల్లది. ఒక పళ్ళ డాక్టరుది.

“అన్నయ్యా, మీరొకసారి చూసి చెప్పాలి. మీరు చెప్పకుండా నేను తీసుకోను,” అన్నాడు చిన్నబావ ఆదివారం అందరి ముందూ.

పెద్దబావ ముఖంలోకి సంతోషం రావడం, దాన్ని ఆయన వెనక్కి నెట్టడం నాకు స్పష్టంగా కనిపించాయి. “చూద్దాంలే, ఖాళీ ఉంటే,” అన్నాడు. మర్నాడే సెలవు పెట్టాడు. నేనూ షాపు మూసి వెంట వెళ్ళాను, ఇలాంటి వినోదం మళ్ళీ మళ్ళీ దొరకదు.

డాక్టరు ఇంటి ముందు బండి ఆగి ఉంది. పెద్దబావ నమస్కారం కూడా పెట్టకుండా వెళ్ళి బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. చల్లగా ఉంది. “మంచిది. మేం వచ్చేలోపు వేడి చేసి ఉంచితే ఇటు నుంచి ఇటే వెళ్ళిపోయేవాళ్ళం,” అన్నాడు. చల్లటి ఇంజన్ అబద్ధం ఆడదని ఆయన నమ్మకం. స్టార్ట్ చేయించి, కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకి వాల్చి నిలబడ్డాడు. మొదట ఒక్క క్షణం గలగలమంటే లోపలి చైను సాగిందని అర్థమట. అనలేదు. పెదవి విరిచాడు. మూత తిప్పి లోపలి నూనె చూశాడు. గొట్టాలు నొక్కి చూశాడు. వెనక తలుపెత్తి, స్పేర్ టైరు పక్కకి తీసి, ఆ గుంటలో ముక్కు పెట్టాడు.

“ఈ ఎత్తు బళ్ళకి నీళ్ళు చేరేది ఇక్కడే. పైకప్పు అద్దం చుట్టూ ఉన్న కాలవలు మూసుకుపోతాయి, నీళ్ళు ఎక్కడెక్కడినుంచో దిగి ఇక్కడ నిలవుంటాయి. తివాచీ కింద కుళ్ళుతుంది, పైకి సెంటు కొడతారు.”

“మా బండిలో సెంటు లేదండీ,” అన్నాడు డాక్టరు.

“లేదు. అదే చూస్తున్నా,” అన్నాడు పెద్దబావ కాస్త నిరాశగా.

ముందు టైర్ల లోపలి అంచు తడిమాడు. స్టీరింగు నిలబెట్టే రబ్బర్లు అరిగాయన్నాడు, ఇంత వయసుకి అరగకపోతేనే ఆశ్చర్యం అని తనే అన్నాడు. కిటికీలన్నీ దించి ఎక్కించాడు, వెనక ఎడమది ముసలమ్మ మెట్లెక్కినట్టు ఎక్కింది. ఏసీ చల్లగానే ఉంది. కింద దూరి చూసి, “తుప్పు మొదలైంది. ఎవరు కొన్నా ముందు కింద నల్లపూత వేయించాలి,” అన్నాడు. “చిన్న కారుకి ఎత్తు చెప్పులు తొడిగితే అదే ఈ బండి. బరువు పెరిగింది, లోపలి ఎముకలు మాత్రం అవే. అందుకే వీటికి రోగాలన్నీ కీళ్ళలోనూ, గేర్లలోనూ.”

అప్పుడు అందర్నీ ఎక్కమన్నాడు. డాక్టర్ని కూడా. ఏసీ పెద్దది చేసి, ఊరి చివర ఎత్తుదారి మీదకి నెమ్మదిగా పోనిచ్చాడు. బండి మెత్తగా ఎక్కింది. దిగి, మళ్ళీ ఎక్కించాడు. మళ్ళీ దిగి, మళ్ళీ. దానికది గేర్లు మార్చుకునే బండి అది, అయినా రెండు వేళ్ళు గేరు కర్ర మీద ఆనించే ఉంచాడు, నాడి చూస్తున్నట్టు. ఆ గేర్‌బాక్సుకి నూనె చూసే పుల్ల ఉండదట, కంపెనీవాళ్ళు మూసేసి పంపుతారట. కనుక లోపల ఏముందో చూడటానికి లేదు, చేత్తోనూ చెవితోనూ పట్టుకోవాల్సిందే. ఆఖరిసారి ఎత్తు మీద బండి ఆపి బ్రేకు తొక్కి ఉంచాడు.

“గేర్‌బాక్స్ పోతుంది,” అన్నాడు.

నాకేమీ తెలియలేదు. చిన్నబావ ముఖం చూస్తే ఆయనకీ తెలియలేదు. డాక్టరు పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు.

“వణుకుతోంది. ఇప్పుడు కొంచెమే. ఎండాకాలం వచ్చి, సామాను నింపుకుని కొండెక్కేటప్పుడు జారుతుంది. మలుపులో వెనక లారీ ఉన్నప్పుడు జారిందనుకో, అప్పుడు నన్ను తలుచుకుంటావు.”

ఆ సాయంత్రం మా ఇంట్లో పంచాయితీ జరిగింది. పెద్దబావ రాలేదు. చిన్నక్క కొంగు దోపుకుని తిరుగుతోంది. “డాక్టరు పదేళ్ళుగా నడుపుతున్నాడు, వాళ్ళావిడ నడుపుతోంది, ఎవరికీ కనపడని వణుకు బావగారికే కనపడింది. మేం ఎత్తు బండి ఎక్కితే ఆయన కళ్ళల్లో నిప్పులు పోసినట్టుంది, అంతే.” అమ్మ కూడా అదే అంది, ఇంకాస్త మెత్తగా. చిన్నబావ మాత్రం, “అన్నయ్య ఊరికే అనడు,” అంటూ గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. పెద్దక్క చిన్నక్కనే చూస్తోంది. మరో పది రోజులకల్లా తెల్లబండి చిన్నక్క ఇంటి ముందుంది. తన మాట కాదని కొన్నారని పెద్దబావకు నేనే చెప్పాను.

“కొనుక్కోనీ. కింద పూతన్నా వేయించారా?”

“వేయించారట.”

“ఆ ఒక్క ముక్కా వినపడిందన్నమాట,” అన్నాడు.

అక్కణ్ణించి మొదలైంది ఆయన ఎదురుచూపు. పెళ్ళికెదురుచూసే పిల్ల కూడా అంత ఎదురుచూడదు. ఆదివారం చెప్పులు విప్పుతూనే, “ఎక్కుతోందా?” అని అడిగేవాడు.

“ఎక్కుతోంది అన్నయ్యా.”

“వణుకు?”

“ఏమీ లేదన్నయ్యా.” ఈ మాట చెప్పేటప్పుడు చిన్నబావ కళ్ళు ఎత్తేవాడు కాదు. అది మర్యాద అనుకున్నాను.

“చలికాలం కదా,” అనేవాడు పెద్దబావ తనకు తనే. ఎండ కాస్త చురుక్కుమనగానే ఆయన ముఖంలోకి కళ వచ్చింది. అందరం ఎండలు ఎప్పుడు తగ్గుతాయా అని చూస్తుంటే ఆయన పేపర్లో ఎంత పెరిగిందో చదివి మురిసిపోయేవాడు. చిన్నబావ పని బాగా సాగుతోంది. కొండమీది బడులవాళ్ళు వచ్చే ఏడాదికి కూడా మాట ఇచ్చారు. చిన్నక్క బండి మీద చెయ్యి వేసి ఫొటో దిగి అందరికీ పంపింది. పెద్దబావ ఆ ఫొటోను ఫోనులో పెద్దది చేసి, టైర్లు చూసి, మళ్ళీ చిన్నది చేశాడు.

ఎండలు మండిపోతున్న ఒక ఆదివారం ఆయనే అన్నాడు, “పదండి, అందరం కొండ దాకా వెళ్ళొద్దాం. నేను నడుపుతా.” చిన్నక్కా పెద్దక్కా ముఖాలు చూసుకున్నారు. అమ్మను ముందు కూర్చోబెట్టి, మేం వెనక ఇరుక్కుని, సామాను కూడా దించకుండా బయల్దేరాం. ఏసీ పెద్దది చేశాడు. మలుపుల్లో కావాలని నెమ్మది చేసి, ఆపి, మళ్ళీ ఎక్కించాడు. రెండు వేళ్ళు గేరు కర్ర మీద ఉన్నాయి. బండి ఎక్కడా వణకలేదు. పైకి వెళ్ళి, దిగి, తిరిగి పైకి వెళ్ళాడు. అమ్మకు తల తిరిగి, “ఎన్నిసార్లు చూపిస్తావయ్యా ఇదే కొండ?” అంది. దిగేటప్పుడు అద్దంలో ఆయన ముఖం చూశాను. కోపం లేదు, ఏడుపు లేదు. తప్పిపోయిన పిల్లాడి ముఖంలా ఉంది. ఇంటికి వచ్చాక తాళం చిన్నబావ చేతిలో పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. మేం నవ్వుకున్నాం. నేనే ఎక్కువ నవ్వాను. పెద్దక్క మాత్రం వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తర్వాత వారంలో ఒక మధ్యాహ్నం షాపులో ఎవరూ లేని సమయంలో పెద్దబావ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. జిరాక్సు మిషను శబ్దం చేస్తోంది. మామూలుగా అయితే, “దీని రోలరు అరిగింది, నీ బతుకులాగే,” అనేవాడు. ఆరోజు అనలేదు.

“ఏరా, ఒకటడుగుతా. నాకు అసూయ ఎక్కువంటారు కదా అందరూ?”

“కొంచెం ఉంది బావా,” అన్నాను.

“కొంచెం కాదురా. నాకు తెలుసు. వాణ్ణి చూస్తే నా కడుపు మండుతుంది. వాడు తప్పు చేసినా మండుతుంది, మంచి చేస్తే ఇంకా మండుతుంది. అది నాలో ఒక గదిలో ఉంటుందనుకున్నా. బండి దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ గదికి తలుపేసి వెళతాననుకున్నా.” చెవి మీద వేలితో కొట్టుకున్నాడు. “ఇందులోకి కూడా వచ్చేసిందిరా అది. ఆరోజు ఎత్తు మీద వణుకు నాకు వినపడింది. ఇప్పుడు లేదు. మరి నేను విన్నదేమిటి? వాడు ఎత్తు బండి ఎక్కకూడదని నా ఏడుపే నాకు వినపడింది.”

నిజంగానే అంతే అయ్యుంటుందనుకున్నాను. టీ తెప్పించాను, తాగకుండా లేచాడు.

యార్డులో తర్వాత జరిగింది నాకు అక్కడ పనిచేసే రంగులు వేసే ఆయన చెప్పాడు, ఏదో కాగితం జిరాక్సుకి వచ్చి. ఒక పెద్దమనిషి, మంచి వాచీ, మంచి బూట్లు, ఇస్త్రీ నలగని చొక్కా, ఇలాంటిదే ఒక ఎత్తు బండి అమ్మడానికి తెచ్చాడట. పెద్దబావ చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయించి, తల వాల్చి విన్నాడట. మళ్ళీ ఆర్పించి, మళ్ళీ స్టార్ట్ చేయించి విన్నాడట. అలా చాలాసేపు నిలబడి, ఆ మనిషి వాచీ వైపు చూసి, చివరికి బాగుందని తలూపాడట. పక్కనే ఉన్న రంగులాయనకే గలగల వినపడింది, కానీ ఈయన కాదంటే కదా తను అనడానికి. బండి కొన్నారు, అమ్మారు. కొన్నవాడు ఊరు దాటకముందే లోపల చైను తెగి ఇంజన్ ముక్కలైంది. యజమాని అందరి ముందూ అరిచాడు. పెద్దబావ ఎదురుచెప్పలేదు. మర్నాడు తనంతట తనే వెళ్ళి, తనిఖీకి వేరేవాళ్ళని చూసుకోండి, నేను గేటు దగ్గర కూర్చుని వచ్చే బళ్ళ నంబర్లు రాసుకుంటాను అన్నాడట.

నేను షట్టరు సగం దించి పెద్దక్క ఇంటికి పరిగెత్తాను. అక్క ఇస్త్రీ చేస్తోంది. ఆయన ఆమెకేమీ చెప్పలేదు. పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని మామూలుగానే వెళ్ళి గేటు దగ్గర కూర్చుని వస్తున్నాడు. నేను యార్డు సంగతి చెప్పాను. షాపులో స్టూలు మీద కూర్చుని ఆయన చెవి గురించి అన్న మాట కూడా చెప్పాను. అక్క ఇస్త్రీ పెట్టెను బట్ట మీదే వదిలేసింది. మాడిన వాసన వచ్చాక నేనే తీశాను.

“ఎంత పని చేశాన్రా,” అంది, గోడకు ఆనుకుని జారి కూర్చుంటూ.

“నువ్వేం చేశావు?”

“వణుకు నిజమేరా. బండి కొన్న రోజే నేను వెళ్ళి చిన్నదానితో చెప్పాను, మీ బావగారు అన్నారంటే లోపల ఏదో ఉంది, ఊరికే నడపొద్దు, ముందు విప్పించండి అని. విప్పించారు. లోపల పలకలన్నీ మాడి నల్లగా ఉన్నాయట. మెకానిక్ దణ్ణం పెట్టాడట, ఇది ఎవరు పట్టుకున్నారండీ, ఎండాకాలం కూడా దాటేది కాదు అని. అన్నీ మార్చి కొత్త నూనె పోశాడు.”

స్విచ్చి ఆర్పి అక్క ఎదురుగా కూర్చున్నాను. “మరి ఆయనకెందుకు చెప్పలేదు?”

“నేనే వద్దన్నా.” అక్క ముఖం చేతుల్లో పెట్టుకుంది. “ఆ ఒక్క మాట చేతికిస్తే ఇంక జన్మంతా ఆడుకుంటారని. ప్రతి ఆదివారం అదే పాట. నేను లేకపోతే కొండ మీంచి పడేవాడివి, నేను లేకపోతే నీ కెమెరాలు లోయలో ఉండేవి. మీ చిన్నబావని బతకనిస్తారా? అమ్మ ముందు, నా ముందు, వీధిలో… అందుకే విప్పిన గుర్తులు కనపడకుండా పైన ఆ నల్లపూత వేయించాం. పూత ఆయనే వేయించమన్నారు కదా, అనుమానం రాదని.”

“ఆయన అసూయతో అన్లేదని నీకెలా తెలుసు? మేమందరం అసూయేననుకున్నాం.”

“ఆయన ఏడుపంతా మనుషుల మీదేరా,” అంది. “బళ్ళ మీద ఒక్కనాడు అబద్ధమాడలేదు. ఆ సంగతి నాకు తెలుసు. ఆయనకి తెలుసనుకున్నాను.”

ఆ ఆదివారం అందరం కూడబలుక్కుని కూర్చున్నాం. ఆయన ఎంత ఎగిరినా, ఎన్నేళ్ళు దెప్పినా పడి ఉండాలని చిన్నక్క కూడా ఒప్పుకుంది. అమ్మ అయితే, “రోజూ ఫోను చేసి తిట్టమను, వింటాను,” అంది. పెద్దబావ వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. ఎక్కుతోందా అని అడగలేదు. చిన్నబావ ఆయన ఎదురుగా నేల మీద కూర్చుని, అంతా చెప్పాడు. మాడిన పలకల సంగతి, మెకానిక్ అన్న మాట, పూత సంగతి. “మీ వల్లే బతికాం అన్నయ్యా. తప్పు మాది,” అన్నాడు.

మేం ఎదురుచూశాం. పిడుగు పడటానికి ముందు చెవులు మూసుకున్నట్టే ఉన్నాం అందరం.

పెద్దబావ నవ్వాడు. చిన్నగా, అలసిపోయినట్టు. “మా ఆవిడ ఏడ్చి ఉంటుంది. అందరూ కూర్చుని ఇది అల్లారు. బాగానే అల్లారు.”

“అల్లింది కాదన్నయ్యా, నిజం.”

“నువ్వెప్పుడూ మంచే చెబుతావు తమ్ముడూ. ఎంత వంకర మూతినైనా అందంగా చూపించడమే కదా నీ పని.” తర్వాత అమ్మ వైపు తిరిగాడు. “చూశారా అత్తయ్యా? చివరికి నా మీద జాలిపడటంలో కూడా వీడే ముందు. దాంట్లో కూడా నన్ను గెలవనివ్వడు.” ఆ మాటలో పాత మంట ఒక్కసారి వెలిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది, ఇంకాస్త తిట్టు బావా అనుకున్నాను. వెంటనే ఆరిపోయింది.

చిన్నక్క మెకానిక్‌కి ఫోను చేస్తానంది. “వాడికీ చెప్పి ఉంచే ఉంటారులే,” అన్నాడు. పెద్దక్క వంటింట్లోకి వెళ్ళి కత్తి తెచ్చింది. ఆయన చెయ్యి పట్టుకుని మెట్లు దింపి, వీధిలో తెల్లబండి దగ్గరికి లాక్కెళ్ళింది. మేమందరం వెనకాలే దిగాం.

“వాళ్ళ మాట నమ్మొద్దు. నా మాటా నమ్మొద్దు. కింద పూత గీకి చూడండి. విప్పి బిగించిన బోల్టుల మీద పానా గుర్తులుంటాయిగా? మీ కళ్ళతో మీరే చూడండి.”

ఆయన కత్తి తీసుకున్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని, తల వంచి, బండి కిందికి చెయ్యి పోనిచ్చాడు. వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి చూస్తున్నారు. గీకుతున్న శబ్దం కాసేపు వినపడింది, ఆగింది. ఆయన అలాగే వంగి చూస్తూ ఉండిపోయాడు. ఎంతసేపటికో లేచి, కత్తి అక్క చేతికి ఇచ్చేసి, మోకాళ్ళ దుమ్ము దులుపుకున్నాడు.

“ఏవో గీతలున్నాయి,” అన్నాడు.

“మరి?” అంది అక్క.

“అవి ఈమధ్య విప్పిన గుర్తులో, డాక్టరు దగ్గరున్నప్పటివో, ఇప్పుడు నా కత్తి చేసినవో చెప్పాల్సింది నేనే కదా. చెప్పగలనంటావా?”

అక్క చెప్పగలరంది. మేమందరం చెప్పగలవన్నాం. ఒకరి మీద ఒకరం పోటీ పడి అన్నాం. ఆయన మా ముఖాలన్నీ ఒక్కొక్కటే చూశాడు, ఎవరిలో ఎంత జాలి ఉందో కొలుస్తున్నట్టు.

కొండమీది బడిలో మర్నాడు పొద్దున్నే పని ఉంది కనుక చిన్నబావ వాళ్ళు బయల్దేరాలి. చిన్నబావ బండెక్కి తాళం తిప్పాడు. ముందు వైపు లోపల్నుంచి కీచుమని పెద్ద శబ్దం వచ్చింది. ఇనుము మీద ఇనుము రాసినట్టు సాగి సాగి, ఆగి, మళ్ళీ కీచుమంది. బళ్ళ గురించి ఓనమాలు తెలియని నాకు కూడా అది చెడ్డ చప్పుడని తెలిసింది. అందరం పెద్దబావ వైపు తిరిగాం.

“అదేమిటల్లుడూ ఆ చప్పుడు?” అంది అమ్మ మెట్ల మీంచి.

“ఏం లేదత్తయ్యా,” అన్నాడాయన, చెవి మీద వేలితో ఒకసారి కొట్టుకుని. “బాగానే ఉంది. వెళ్ళిరండి.”

చిన్నబావ కదల్లేదు. ఇంజన్ ఆపి, స్టీరింగు మీద తల ఆనించి కూర్చుండిపోయాడు.